పేలుడును పక్కకు తోసిన బండి

యుద్ధాలు – యంత్రాలు: 9వ భాగం

గత భాగంలో ఎల్ అలమీన్ ఎడారి దగ్గర ఆగాం. 1942లో జర్మన్ సేనాని రోమెల్ బలగాలు అక్కడి ఇసుకలో లక్షల మందుపాతరలు పాతి బ్రిటిష్ ట్యాంకుల దారి మూసేశాయి. అది సైన్యంతో సైన్యం తలపడిన యుద్ధం. దానికొక మైదానం ఉంది, ఆ మైదానానికి హద్దులున్నాయి. ముప్పై ఏళ్లు తిరిగేసరికి అదే మందుపాతర మైదానం వదిలి మట్టిరోడ్డెక్కింది. పాతేవాళ్లు ఇద్దరో ముగ్గురో. పేలేది పోలీసు జీపు కింద కావచ్చు, పల్లె బస్సు కింద కావచ్చు. ఏది ముందొస్తే దాని వంతు.

ఈ కొత్త యుద్ధానికి జవాబుగా పుట్టిన వాహనాన్ని అమెరికా సైన్యం ‘ఎంరాప్’ అంటుంది, మన పోలీసులు ‘ఎంపీవీ’ అంటారు. మందుపాతర పేలినా లోపలివాళ్లను బతికించే ఉక్కుబండి అది. ఇరాక్ యుద్ధంతో పేరు మోగింది కనుక చాలామంది దాన్ని అమెరికా సరుకే అనుకుంటారు. కానీ దాని పుట్టిల్లు ఆఫ్రికా దక్షిణ కొస. పుట్టించినవాళ్లు అక్కడి తెల్లవాళ్ల ప్రభుత్వాలు, ఆ ప్రభుత్వాల కింద పనిచేసిన ఇంజినీర్లు.

రొడీషియా మట్టిరోడ్లు

ఇప్పటి జింబాబ్వేకు అప్పటి పేరు రొడీషియా. 1965 నవంబర్ 11న ఇయాన్ స్మిత్ ప్రభుత్వం బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకుని, తనకు తానే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. జనాభాలో నూటికి పదిమంది కూడా లేని తెల్లవాళ్ల గుప్పిట్లోనే సారవంతమైన భూములూ, అధికారమూ ఉండిపోయాయి. 1972 డిసెంబర్ 21 రాత్రి ఈశాన్యాన సెంటినరీ ప్రాంతంలో ఉన్న ఆల్టేనా ఫార్మ్ మీద, ఆ పాలనకు ఎదురు తిరిగిన నల్లజాతి గెరిల్లాలు దాడి చేశారు. కాల్పులు కొద్దిసేపే. అసలు దెబ్బ తరువాత తగిలింది. సాయానికి వచ్చే బలగాలు ఏ దారిన వస్తాయో గెరిల్లాలకు తెలుసు. ఆ దారుల్లో మందుపాతరలు కాచుకుని ఉన్నాయి.

వాళ్ల చేతిలో ఎక్కువగా ఉన్నది సోవియట్ తయారీ టీఎం-46. ట్యాంకు గొలుసు తెంచడానికి చేసిన ఈ మైన్‌లో దాదాపు 6 కిలోల పేలుడు మందు ఉంటుంది. మామూలు ల్యాండ్‌రోవర్ కింద పేలితే బండి తునాతునకలే. గెరిల్లాకు ఇంతకన్నా చవకైన ఆయుధం లేదు. పాతిన మనిషి తెల్లారేసరికి సరిహద్దు దాటేస్తాడు. ఒక్క మైన్ పేలితే చాలు, జిల్లా మొత్తం రోడ్డెక్కడానికి జంకుతుంది. పొగాకు మార్కెట్‌కు చేరదు, ఫార్ములకు సరుకు అందదు. 1972 నుంచి 1980 దాకా ఆ దేశంలో 2,504 వాహనాలు మందుపాతరల మీదికెక్కి పేలాయనీ, 632 మంది చనిపోయారనీ లెక్క. సైనికులే కాదు, బస్సుల్లో సంతకు పోయే నల్లజాతి పల్లెజనం కూడా అందులో ఉన్నారు.

మొదట్లో చేసినవన్నీ చేతికందిన మరమ్మతులే. బండి అడుగున ఇసుక మూటలు పేర్చారు. గనుల్లో వాడే కన్వేయర్ బెల్టు రబ్బరు పరిచారు. టైర్లలో గాలికి బదులు నీళ్లు నింపి చూశారు. పేలుడు వేడినీ ఊపునూ నీరు కొంత మింగుతుంది కనుక ప్రాణాలు కొన్ని దక్కాయి. అయినా కాళ్లు విరగడం ఆగలేదు, వెన్నుపూసలు చితకడం ఆగలేదు.

ఉక్కు మందం చాలదు

మైన్ పేలినప్పుడు జరిగేదంతా సెకనులో వెయ్యో వంతు లెక్కల్లో జరుగుతుంది. మందు ఒక్కసారిగా వాయువుగా మారి, చుట్టూ ఉన్న మట్టినీ రాళ్లనూ కలుపుకుని పైకి తన్నుతుంది. బండి అడుగు బల్లపరుపుగా ఉంటే ఆ దెబ్బ మొత్తం నేరుగా దాని మీదే పడుతుంది. రేకు లోపలికి ఉబ్బి కాళ్ల కింద గుద్దుతుంది. రేకు చిరగకపోయినా సరే, బండి ఒక్కసారిగా గాల్లోకి లేచిన విసురుకే లోపలి మనిషి మడమలూ, నడుమూ, మెడా దెబ్బతింటాయి. ఉక్కును మందం చేసుకుంటూ పోతే బండి బరువెక్కి కదలదు.

రొడీషియా, దక్షిణాఫ్రికా ఇంజినీర్లు పట్టుకున్న కిటుకు వేరు. దెబ్బకు ఎదురు నిలవకుండా దాన్ని పక్కలకు జారనివ్వాలి. పెంకుటింటి కప్పును తలకిందులు చేసి బండికి అడుగుగా బిగించినట్టు ఊహించుకోండి. వాన కప్పు మీద రెండు వైపులకూ జారిపోయినట్టే, కింది నుంచి వచ్చే పేలుడు ఆ వాలు గోడల వెంట రెండు పక్కలకూ చీలిపోతుంది. ఇంగ్లిష్ ‘వి’ అక్షరంలా ఉండే ఈ అడుగే ఈ వాహనాలన్నిటికీ ప్రాణం.

దానికి తోడు మరి మూడు జాగ్రత్తలు. మొదటిది ఎత్తు. పేలుడు బలం దూరంతో పాటు చాలా వేగంగా తగ్గిపోతుంది కనుక మనుషులు కూర్చునే పెట్టె నేలకు ఎంత ఎత్తున ఉంటే అంత మేలు. రెండోది చక్రాలు. మైన్ నొక్కేది చక్రమే. అందుకని చక్రాలను మనుషులకు వీలైనంత దూరంగా, ముందుకూ వెనక్కూ జరిపారు. పేలితే చక్రం, ఇరుసు ఊడి ఎగిరిపోవాలి, పెట్టె మాత్రం చెక్కుచెదరకూడదు. మూడోది బెల్టు. భుజాల మీదుగా, నడుం చుట్టూ బిగించుకునే పట్టీలు తప్పనిసరి చేశారు. లోపల ఒక్క పానా కూడా విడిగా పడి ఉండకూడదు. పేలుడు వేళ అది తూటా అవుతుంది.

1970ల మధ్యలో ఎర్నెస్ట్ కాన్షెల్ అనే రొడీషియన్ ఇంజినీర్ ఈ సూత్రాలతోనే ‘లెపర్డ్’ అనే చిన్న బండి తయారుచేశాడు. వెనకాల ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ ఇంజిను, మధ్యలో వాలు గోడల ఉక్కు పెట్టె, రెండు కొసలా ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న చక్రాలు. పేలాక కొత్త చక్రాలు బిగించుకుని మళ్లీ రోడ్డెక్కవచ్చు. అంతర్జాతీయ ఆంక్షల వల్ల బయటి నుంచి యుద్ధ వాహనాలు కొనే వీలులేని దేశానికి ఇది వర్క్‌షాపులోనే దొరికిన మందు.

ఆయనదే ‘పూకీ’ కూడా. 1976లో వచ్చిన ఈ బండిది మరీ తెలివైన ఏర్పాటు. ఒక్క డ్రైవరే కూర్చునే ఉక్కు గూడు, దాని కింద మైన్లను పసిగట్టే పరికరాలు, రేసు కార్ల నుంచి తెచ్చిన వెడల్పాటి టైర్లు. ట్యాంకుల కోసం చేసిన మైన్ మీద గట్టి బరువు పడితే తప్ప పేలదు. టైరు వెడల్పయ్యేకొద్దీ బరువు ఎక్కువ చోటుకు పరుచుకుని ఒత్తిడి తగ్గుతుంది. దాంతో పూకీ మైన్ మీదుగా దాన్ని పేల్చకుండానే దాటి, ఇక్కడుందని చెప్పి ఆగేది. వెనక కాన్వాయ్ నిలిచేది. ఇలాంటివి 76 తయారయ్యాయి.

ఇదే ప్రభుత్వం గెరిల్లాలు రాకుండా మొజాంబిక్ సరిహద్దు వెంట పొడవునా మందుపాతరల పట్టీలు పరిచింది. తన రోడ్ల మీద మైన్ల నుంచి తప్పించుకునే బండ్లు కడుతూనే, సరిహద్దు పల్లెల పొలాల్లో మైన్లు నాటింది. 1979 డిసెంబర్‌లో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో యుద్ధాన్ని ముగించే ఒప్పందం కుదిరింది, 1980 ఏప్రిల్ 18న జింబాబ్వే పుట్టింది. నలభై ఏళ్లు దాటాక కూడా ఆ పట్టీలను తవ్వి తీసే పని సాగింది.

కాస్పిర్: లోపలివాళ్లు, బయటివాళ్లు

రొడీషియాలో మొదలైన పనిని పెద్ద ఎత్తున సాగించింది దక్షిణాఫ్రికా. అప్పటికది నైరుతి ఆఫ్రికాను, అంటే ఇప్పటి నమీబియాను, తన చేతిలో ఉంచుకుని, అక్కడ స్వాతంత్ర్యం కోసం ఆయుధం పట్టిన స్వాపో గెరిల్లాలతో పోరాడుతోంది. 1974 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ లారీ ఛాసిస్ మీద ‘హిప్పో’ వచ్చింది. 1978లో మెర్సిడెస్ యూనిమాగ్ మీద ‘బఫెల్’ వచ్చింది. బఫెల్‌కు పైకప్పు లేదు. పదిమంది సైనికులు వీపుకు వీపు ఆనించి, మొహాలు బయటికి పెట్టి, పట్టీలు బిగించుకుని కూర్చునేవారు. టైర్లలో నీళ్లు నింపేవారు. మైన్ నుంచి కాపాడింది కానీ, ఎత్తు వల్ల మలుపుల్లో తిరగబడేది. ఎత్తు పెరిగితే పేలుడు నుంచి రక్షణ, ఎత్తు పెరిగితే బోల్తా ప్రమాదం. ఈ పీటముడి ఈ జాతి వాహనాలను నేటికీ వదల్లేదు.

తరువాతిది ‘కాస్పిర్’. దక్షిణాఫ్రికా పోలీసు శాఖ, ప్రిటోరియాలోని శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి కలిసి చేసిన బండి. ఆ రెండు సంస్థల ఇంగ్లిష్ పొడి అక్షరాలను కలగలిపి పేరు పెట్టారు. పేలుడు శాస్త్రంలో దిట్ట అయిన డాక్టర్ వెర్నన్ జాయింట్ ఆ మండలిలో మైన్ల పరిశోధన నడిపించాడు. దాదాపు 11 టన్నుల బరువు, ఇద్దరు సిబ్బంది, పన్నెండు మంది జవాన్లు. లారీ ఛాసిస్ మీద పెట్టె బిగించే పాత పద్ధతికి స్వస్తి చెప్పి, వాలు అడుగున్న ఉక్కు పెట్టెనే బండికి వెన్నెముక చేశారు. చక్రం కింద మూడు ట్యాంకు మైన్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, అంటే 21 కిలోల టీఎన్‌టీతో సమానమైన మందు పెట్టి పేల్చినా, లోపలివాళ్లు బతికి బయటపడాలన్నది దాని ప్రమాణం. పెట్టె నడిమధ్య కింద అయితే రెండు మైన్లు, 14 కిలోలు.

పనితనానికి వంక పెట్టలేం. ఆ పనితనం ఎవరికి అక్కరకొచ్చిందన్నదే చిక్కు. నమీబియా ఉత్తరాన ఓవాంబోలాండ్‌లో ‘కూఫుట్’ అనే పోలీసు దళం కాస్పిర్లలో తిరిగేది. పొలాల కంచెలు తొక్కుకుంటూ పల్లెల్లో చొరబడేది. చంపిన గెరిల్లాల శవాలను బండికి కట్టి ఊళ్లలో తిప్పిన సంగతి తరువాతి విచారణల్లో నమోదైంది. 1984 నుంచి దక్షిణాఫ్రికా నల్లజాతి బస్తీల్లో తిరుగుబాటు రేగినప్పుడు, 1985లో ఎమర్జెన్సీ విధించినప్పుడు, వీధుల్లోకి దిగిందీ కాస్పిరే. సొవెటో లాంటి ఆ బస్తీల వీధుల్లో మందుపాతరలు లేవు. రాళ్లు పట్టుకున్న పిల్లలున్నారు. అక్కడి ఒక తరానికి ఆ బండి ఆకారం చూస్తేనే ఒళ్లు జలదరించేది.

1989లో నమీబియా స్వాతంత్ర్యానికి ఏర్పాట్లు చూడటానికి ఐక్యరాజ్యసమితి వెళ్లింది. సమితి సైనిక విభాగానికి కమాండర్ మన దేశానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ దివాన్ ప్రేమ్ చంద్. ఆ మిషన్‌కు ఎదురైన తలనొప్పుల్లో కాస్పిర్ ఒకటి. స్థానిక పోలీసులు ఉక్కుబండ్లలో పొదలు తొక్కుకుంటూ దూసుకుపోతే, వాళ్ల తీరు గమనించాల్సిన సమితి పర్యవేక్షకులు మామూలు బండ్లలో, మైన్లున్న దారుల్లో వెనకబడిపోయేవారు. శాంతిసేన ఈ వాహనాన్ని కోరుకునే కాలం ఇంకా రాలేదు. అప్పటికది శాంతిసేన అనుమానంగా చూసిన వాహనం.

సముద్రం దాటి మన వైపుకు

1983 జూలై 23 రాత్రి జాఫ్నా దగ్గర తిరునెల్వేలిలో ఎల్‌టీటీఈ పేల్చిన మందుపాతర ఒక గస్తీ జీపును ఎగరేసింది. వెంటనే కాల్పులు. పదమూడు మంది శ్రీలంక సైనికులు చనిపోయారు. ఆ మర్నాటి నుంచి కొలంబోలో తమిళుల మీద సాగిన మారణకాండను నల్ల జూలై అంటారు. దేశం అంతర్యుద్ధంలోకి జారింది. శ్రీలంక సైన్యం దక్షిణాఫ్రికా నుంచి బఫెల్‌లు తెప్పించుకుంది. తరువాత వాటి నమూనాలోనే యూనికార్న్, యూనిబఫెల్ పేర్లతో సొంతంగా తయారుచేసుకుంది. అయినా 1992 ఆగస్టు 8న కైట్స్ దీవిలో ఆ దేశపు పేరున్న సేనాని డెంజిల్ కొబ్బెకడువ తాను ప్రయాణిస్తున్న ల్యాండ్‌రోవర్ కింద మందుపాతర పేలి చనిపోయాడు. 1987–90 మధ్య అక్కడికి వెళ్లిన మన శాంతి పరిరక్షక దళం కూడా ఈ ఆయుధానికి ఎందరినో పోగొట్టుకుంది.

మన సైన్యం కాస్పిర్లు కొన్నది 1990ల చివర్లో. వాటి బాటలోనే దేశీయంగా ‘ఆదిత్య’ అనే మైన్ ప్రొటెక్టెడ్ వెహికల్ వచ్చింది. దాన్ని తయారుచేసిన చోట్లలో ఒకటి ఇప్పటి సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. మెదక్ ఫ్యాక్టరీగానే జనానికి తెలిసిన ఆ కర్మాగారం బీఎంపీ-2 ‘శరత్’ యుద్ధ వాహనాలకు ప్రసిద్ధి. ప్రిటోరియాలో గీసిన వాలు అడుగు తెలంగాణ గడ్డ మీద ఉక్కు రూపం దాల్చింది.

మందుపాతర అంటే ఏమిటో తెలుగువాళ్లకు పాఠం చెప్పనక్కర్లేదు. 2000 మార్చి 7న హైదరాబాద్ శివార్లలో ఘట్‌కేసర్ దగ్గర మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి కారును పీపుల్స్‌వార్ పేల్చేసింది. 2003 అక్టోబర్ 1న తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కారు మీద అలిపిరిలో క్లేమోర్ మైన్లు పేలాయి. గాయాలతో ఆయన బయటపడ్డారు. ఇవి సోవియట్ మైన్లలా చక్రం నొక్కితే పేలేవి కావు. దూరాన పొదల్లో కూర్చున్న మనిషి, తనకు కావాల్సిన బండి వచ్చినప్పుడే మీట నొక్కుతాడు. మందు ఎంత పెట్టాలో కూడా అతని ఇష్టం. తారు రోడ్డు కింద సొరంగం తవ్వి, కల్వర్టులో కూరి, పదుల కిలోలు పెట్టవచ్చు.

ఎంపీవీ లెక్క తప్పిందక్కడే. 14 కిలోలకో 21 కిలోలకో కట్టిన పెట్టెకు అంతకు మించిన మందు ఎదురైతే సూత్రం పనిచేయదు. 2005 సెప్టెంబర్ 3న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ దగ్గర మావోయిస్టులు ఒక మైన్ ప్రూఫ్ వాహనాన్ని పేల్చినప్పుడు 24 మంది చనిపోయారు. 2018 మార్చి 13న తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న సుక్మా జిల్లా కిష్టారం దగ్గర ఇంకో ఎంపీవీ పేలి 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ‘ప్రూఫ్’ అన్న నమ్మకంతో ఒక్క బండిలోకి పదిమందికి పైగా ఎక్కితే, ఆ బండే గురిపెట్టడానికి అనువైన లక్ష్యం అవుతుంది.

1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన గ్రేహౌండ్స్ ఈ లెక్కను వేరే దారిలో పరిష్కరించుకుంది. అడవిలో వాహనం ఎక్కకపోవడమే వాళ్ల సూత్రం. చిన్న దళాలుగా విడిపోయి, రోడ్డును విడిచి, రాత్రివేళల్లో మైళ్లకు మైళ్లు నడక. ఏ దారిన వస్తారో తెలియని మనిషికి మందుపాతర పెట్టడం కష్టం. ఉక్కు మందం పెంచే పోటీలోకి దిగకుండా, శత్రువు ఊహకు అందకుండా ఉండటమే వాళ్ల కవచమైంది.

బాగ్దాద్ నుంచి టింబక్టు దాకా

ఆఫ్రికా ఇంజినీర్లు ముప్పై ఏళ్ల కిందటే నేర్చిన పాఠాన్ని అమెరికా ఇరాక్‌లో మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. అమెరికా సైనికులు తిరిగిన హమ్వీ బండి అడుగు బల్లపరుపు, నేలకు దగ్గర. రోడ్డు పక్క బాంబులకు అది నిలవలేదు. 2004 డిసెంబర్‌లో కువైట్‌కు వచ్చిన రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్‌ను ఒక సైనికుడు అందరి ముందూ నిలదీశాడు: మా బండ్లకు కవచం కోసం మేం చెత్తకుప్పల్లో తుక్కు ఇనుము ఎందుకు ఏరుకోవాలి? 2005 ఫిబ్రవరిలో అన్బార్ రాష్ట్రంలోని మెరీన్ దళాలు 1,169 మైన్ నిరోధక వాహనాలు అత్యవసరంగా కావాలని రాసి పంపాయి. ఆ కాగితం ఆఫీసుల్లో నానింది. యుద్ధం త్వరలో ముగుస్తుందని నమ్మిన పెద్దలకు, ఒక్క యుద్ధానికే పనికొచ్చే ఖరీదైన బండి మీద డబ్బు పోయడం ఇష్టం లేదు.

రమ్స్‌ఫెల్డ్ తరువాత వచ్చిన రాబర్ట్ గేట్స్ 2007 వసంతంలో ఒక పత్రికా కథనం చదివాడు. అన్బార్‌లో ఈ రకం కొద్దిపాటి వాహనాల మీద 300కు పైగా దాడులు జరిగినా వాటిలోని మెరీన్లు ఒక్కరూ చనిపోలేదన్నది దాని సారం. మే నెలలో ఆయన దీన్ని తన శాఖలో అన్నిటికన్నా ముఖ్యమైన కొనుగోలుగా ప్రకటించాడు. కొన్నేళ్లలోనే 27 వేలకు పైగా వాహనాలు తయారయ్యాయి, ఖర్చు 45 బిలియన్ డాలర్లు దాటింది. తొలి తయారీదారుల్లో ఒకటైన ఫోర్స్ ప్రొటెక్షన్ సంస్థలో ప్రధాన శాస్త్రవేత్త ఎవరనుకున్నారు? ప్రిటోరియా వెర్నన్ జాయింటే. వేలమంది సైనికులకు అది ప్రాణదానం చేసిందన్న మాటను అక్కడ తిరిగినవాళ్లు కాదనరు. మళ్లీ పాత ముడే ఎదురైంది. అఫ్గాన్ కొండదారుల్లో ఆ బరువు, ఆ ఎత్తు పనికిరాక 2009లో తేలికపాటి రకం ఒకటి చేయాల్సి వచ్చింది. ఇరాక్‌లో రాగి పళ్లేన్ని మొనలా మలిచి విసిరే బాంబులు పక్క గోడల్ని చీల్చాయి. 2013కల్లా, వెనక్కి తేవడానికయ్యే ఖర్చు భరించలేక, అఫ్గానిస్తాన్‌లోనే వందల కొద్దీ బండ్లను ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు.

ఇక శాంతిసేనలు. 2013లో మాలిలో మొదలై 2023 చివర్లో ముగిసిన ఐక్యరాజ్యసమితి మిషన్‌లో 300 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎందరినో బలిగొన్నవి కిడాల్, గావో, టింబక్టు దారుల్లో పాతిన బాంబులే. సమితికి సొంత సైన్యం లేదు. సైనికులను పంపే దేశాలే బండ్లూ తెచ్చుకుంటాయి, సమితి వాటికి అద్దె కడుతుంది. పేద దేశపు సైనికుడు పలచని బండిలో అదే రోడ్డు మీద తిరిగాడు. నమీబియాలో ఎవరి వాహనాన్ని చూసి సమితి ముఖం చిట్లించిందో, మాలిలో అదే జాతి వాహనాల కోసం అడగాల్సి వచ్చింది.

రోడ్డు ఎవరిది?

ఈ యాభై ఏళ్ల కథలో ఇంజినీర్లు ఎక్కడా ఓడిపోలేదు. ఆరు కిలోల మైన్‌కు వాళ్లు సరైన జవాబు కనిపెట్టారు. ఆ జవాబు ఎంత పక్కాగా ఉందంటే, దాన్ని చూసుకుని పాలకులు అసలు ప్రశ్నను వాయిదా వేయగలిగారు. స్మిత్ ప్రభుత్వం దగ్గర ప్రపంచంలోకెల్లా మేటి మైన్ బండ్లుండేవి, అయినా పదిహేనేళ్లు నిలవలేదు. కాస్పిర్ వర్ణవివక్షను కాపాడలేకపోయింది. ఉక్కుబండి మనిషిని రోడ్డు దాటిస్తుంది. ఆ రోడ్డు పక్క పల్లె ఎవరి వైపు ఉందో మార్చలేదు. బండిలోంచి దిగని పోలీసుకు ఆ పల్లె సంగతి ఎప్పటికీ తెలియదు. పైగా 1997 ఒటావా ఒప్పందం నిషేధించింది మనుషుల కోసం పాతే మైన్లనే. వాహనాల కోసం పాతేవి దాని పరిధిలోకి రావు. కనుక ఈ పోటీకి చట్టం కూడా అడ్డుకట్ట వేయలేదు.

అయితే కాస్పిర్ బతుకులో మరో అంకం ఉంది. మొజాంబిక్‌లో యుద్ధం ఆగాక, 1994లో, 2,000 కిలోమీటర్ల రోడ్లను శుభ్రం చేసే కాంట్రాక్టును సమితి ఒక బృందానికి అప్పగించింది. అందులో జాయింట్ నడిపిన దక్షిణాఫ్రికా సంస్థ మెకెమ్ ఒకటి. ఆయుధాలు చేసిన చేతులకే శుభ్రం చేసే కూలీ కూడానా అని అప్పట్లో గట్టి విమర్శలే వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా కాస్పిర్ తనలో కూర్చోని జనం కోసం పనిచేసింది అలాంటి రోడ్ల మీదే. దాని మొదటి పదిహేనేళ్ల చరిత్రలో ఆ మాట అనగలిగిన సందర్భం నాకు కనిపించలేదు.

వచ్చే భాగంలో: ఫిల్టర్లలో పట్టిన రోడ్డు గాలిని వాసన చూసి మైన్ జాడ చెప్పిన మెకెమ్ కుక్కలు, వాటి తరువాత రంగంలోకి దిగిన ఆఫ్రికా ఎలుకల కథ.